మెల్బోర్న్ నుంచి బ్రిస్బేన్ దాకా కారవాన్‌లో: ఆరుగురం, దారి పొడుగునా చుట్టాలు, సలహా చెప్పండి

టార్నీట్ సుబ్బు:
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం తక్కువ. ఈసారి పెద్ద పనే పడింది.

అమ్మానాన్న విజయవాడ నుంచి వచ్చి ఉన్నారు. సెప్టెంబరు బడి సెలవుల్లో రోడ్డు మీద బ్రిస్బేన్ దాకా వెళ్ళి రావాలని ఉంది. క్యాన్‌బెర్రాలో నా ఇంజినీరింగ్ స్నేహితుడు, సిడ్నీ వెస్ట్‌మీడ్‌లో పిన్ని కూతురు, బ్రిస్బేన్ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బాబాయిగారి అబ్బాయి ఉన్నారు. మధ్యలో సిడ్నీ దగ్గరి హెలెన్స్‌బర్గ్ వెంకన్న దర్శనం చేసుకోవాలని అమ్మ కోరిక. నాన్నకి 71, అమ్మకి 66. పిల్లలకి తొమ్మిది, అయిదు.

ఆరుగురం పెట్టేబేడాతో ఒకరి ఇంటి మీద పడితే వాళ్ళేమైపోతారు? వాళ్ళకీ ఉద్యోగాలు, చంటిపిల్లలు. అందుకని కారవాన్, అంటే కారు వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, అద్దెకి తీసుకుని మా టొయోటా క్లూగర్ కారుకి తగిలించుకుందామని మా ఆవిడ ఆలోచన. వాళ్ళ ఇంటి ముందు డ్రైవ్‌వేలో నిలుపుకుంటాం, పగలంతా వాళ్ళతో గడుపుతాం, రాత్రికి మా మంచాలు మాకుంటాయి. వినడానికి బాగానే ఉంది. కానీ నేనెప్పుడూ కారవాన్ లాగలేదు. నాన్న ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యారు, "నేనున్నాను కదరా" అంటున్నారు. నాకు అదింకో భయం.

ఆరుగురికి సరిపడా కారవాన్‌ని క్లూగర్ లాగుతుందా? వెనకాల కారవాన్‌లో అమ్మ నడుం వాల్చి ప్రయాణం చెయ్యొచ్చా? వంట ఎలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

లారీ కాక:
సుబ్బుగారూ, ముందు రెండో ప్రశ్న. కదిలే కారవాన్‌లో మనిషి ఉండకూడదు. ఆస్ట్రేలియాలో ఏ రాష్ట్రంలోనైనా అది నేరం. ఆరుగురూ కారులోనే, బెల్టులు పెట్టుకునే కూర్చోవాలి. చిన్నవాడికి ఏడేళ్ళు నిండలేదు కాబట్టి చైల్డ్ సీటు తప్పదు. మూడో వరుసలో బిగిద్దామనుకుంటే అక్కడ దాని పట్టీ తగిలించే కొక్కెం ఉందో లేదో చూసుకోండి.

ఇక బరువు. క్లూగర్ బ్రేకులున్న ట్రైలర్‌ని 2,000 కిలోల దాకా లాగుతుంది. ఆ రెండు వేలల్లో కారవాన్ ఖాళీ బరువొక్కటే కాదు, నీళ్ళ ట్యాంకు, గ్యాసు సిలిండర్లు, బియ్యం బస్తా, మీ అమ్మగారి పచ్చడి సీసాలు అన్నీ కలిసి రావాలి. బంకు మంచాలతో ఆరుగురు పడుకునే కారవాన్లు చాలావరకు ఖాళీగానే రెండు టన్నుల చుట్టుపక్కల ఉంటాయి. కారవాన్ మీద అంటించిన పలకలో ఏటీఎం అని రాసి ఉంటుంది, సామానుతో కలిపి దానికి అనుమతించిన గరిష్ఠ బరువు అది. అద్దెకిచ్చేవాడు చెప్పే టేర్ బరువు, అంటే ఖాళీ బరువు, వినకండి, ఏటీఎం అడగండి.

ఎవరూ లెక్కపెట్టని సంగతి ఇంకోటుంది. కారవాన్ బరువులో సుమారు పదో వంతు మీ కారు వెనక దాన్ని తగిలించే గుండు, టో బాల్ అంటారు, దాని మీద పడుతుంది. ఆ బరువు కారు మోసే బరువులోకే వస్తుంది. పదిహేను వందల కిలోల కారవాన్ అయితే నూటయాభై కిలోలు. దానికి ఆరుగురు మనుషులు, డిక్కీలో సామాను కలపండి. లాగే శక్తి ఉన్నా మోసే శక్తి దాటిపోతుంది. అలా దాటాక ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు చేతులెత్తేయొచ్చు.

వెస్ట్‌మీడ్ వదిన:
నేను బరువుల సంగతి మాట్లాడను. మా ఇంటి ముందు మా అత్తయ్యా మావయ్యా బండిలో పడుకుంటే నలుగురూ నన్నేమనుకుంటారు? ఇల్లు పెట్టుకుని చుట్టాల్ని వాకిట్లో పడుకోబెట్టిందంటారు. ఆరుగురే కదా, హాల్లో పరుపులు పరిస్తే సరి. మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళకి డాబా మీద ముప్పై మంది పడుకోలేదూ? సుబ్బుగారూ, మీ పిన్నికూతురు మీ ముందు "సరే అన్నయ్యా" అనొచ్చు గానీ లోపల నొచ్చుకుంటుంది. ఆడపడుచుగా చెప్తున్నాను.

పాయింట్ కుక్ పద్మ:
వదినగారూ, మీ మనసు మంచిదే కానీ డాబా మీద ముప్పై మంది పడుకున్న రోజుల్లో మర్నాడు పొద్దున ఎవరికీ ఎనిమిదింటి రైలు లేదు. మా ఇంట్లో ఉన్నవి రెండు బాత్రూములు. మొన్న వేసవిలో చుట్టాలు వచ్చినప్పుడు మావారు ఆఫీసుకి జిమ్ములో స్నానం చేసి వెళ్ళారు. వచ్చినవాళ్ళూ పాపం, "మీకు ఇబ్బంది" అంటూ తెల్లారగట్లే లేచి దుప్పట్లు మడతపెట్టి సోఫా అంచున కూర్చునేవారు. ఎవరికీ సుఖం లేదు. పడక వేరుగా ఉంటే పగలంతా నవ్వుతూ మాట్లాడుకోవచ్చు. నేను సుబ్బుగారి ఆవిడ పక్షం.

టార్నీట్ సుబ్బు:
కాకగారూ, పలక సంగతి నాకు తెలియదు, చాలా థాంక్స్. వదినగారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. "చూశావా, నేనూ అదే అన్నాను" అంది. ఇంకోటి, కారవాన్ వీడియో చూపిస్తే పొయ్యికీ టాయిలెట్‌కీ మధ్య ఒక్క తలుపే ఉండటం చూసి మొహం అదోలా పెట్టింది. దేవుడి పటం ఎక్కడ పెట్టుకోవాలని అడుగుతోంది.

ఆరుగురికి సీట్లు, పడకలు రెండూ ఉండే మోటర్‌హోమ్ తీసుకుంటే ఈ లాగుడు గొడవే ఉండదు కదా?

లారీ కాక:
ఉండదు. కానీ చుట్టాల దగ్గరికి వెళ్ళే ప్రయాణానికి మోటర్‌హోమ్ నాకు నచ్చదు. సిడ్నీలో పాలప్యాకెట్టుకి వెళ్ళాలన్నా ఇల్లంతా సర్దుకుని కదలాలి. గిన్నెలు లోపల పెట్టి, కరెంటు తీగ పీకి, మెట్టు మడిచి. హారిస్ పార్క్ వీధుల్లో దాన్ని ఎక్కడ ఆపుతారు? కారవాన్ అయితే ఊరి అంచున కారవాన్ పార్కులో, అంటే డబ్బు కట్టి బండి నిలుపుకునే చోట, వదిలేసి కారులో తిరగొచ్చు.

బ్రిస్బేన్ బతుకమ్మ:
సుబ్బన్నా, స్ప్రింగ్‌ఫీల్డ్ అంటే మా పక్కనే. గా సెలవులల్ల ఇక్కడ బతుకమ్మ ఆడుతం, అమ్మను తప్పకుండ తీస్కరా.

డ్రైవ్‌వే ముచ్చట చెప్త. మా తమ్ముని దోస్తు ఒకాయన గట్లనే వచ్చి నిలబెట్టిండు. మొదటిది, మా డ్రైవ్‌వే వాలుగ ఉంటది, లోపల పండుకుంటే తల కిందికి కాళ్ళు మీదికి. రెండోది, కారవాన్‌ది 15 యాంపుల ప్లగ్గు, ఇంట్ల మామూలు సాకెట్టు 10 యాంపులది. దాని ఎర్త్ పిన్ను వెడల్పుంటది, సొచ్చదు. కొందరు పిన్ను అరగదీసి దూరుస్తరు. అన్నా, గా పని మాత్రం చెయ్యకు, తీగ కాలుతది. మూడోది, ఇంటి ముంగట బండిల పండుకునుడు మీద కౌన్సిలుకో రూలు. ఒక్క రాత్రికి ఎవలూ ఏమనకపోవచ్చు గని పక్కింటాయన ఫోన్ జేస్తే పరేషాన్. మీ తమ్ముణ్ణి ముందుగాల కౌన్సిల్‌ల అడగమను.

ఇంకో మాట యాది పెట్టుకో. అక్టోబర్ మొదటి ఆదివారం న్యూ సౌత్ వేల్స్‌ల, విక్టోరియాల గడియారం గంట ముందుకు జరుగుతది. క్వీన్స్‌లాండ్‌ల జరగదు. సరిహద్దుల ఉన్న ట్వీడ్ హెడ్స్ దాటంగనే మా టైం మాకే. పోయినేడు సిడ్నీ చుట్టాలు అన్నం వండక ముందే దిగిండ్రు.

గోదారి గట్టు:
వంట గురించి ఎవరూ చెప్పలేదండి, నేను చెబుతాను. ఆయ్, అసలు ప్రాణం అక్కడే ఉంది కదండి.

లోపల పోపు పెట్టకండి. చిన్న గది, పొగ అలారం తల మీదే ఉంటుంది. ఆవాలు చిటపటలాడగానే అది మొదలెడుతుంది. ఒకవేళ అది ఊరుకున్నా ఇంగువ వాసన పరుపుల్లోకి దిగి అద్దెకిచ్చినవాడి దాకా వెళ్తుంది. పార్కుల్లో క్యాంప్ కిచెన్ అని ఉంటుంది, గ్యాసు పొయ్యిలు, సింకు, బల్లలు అన్నీ. లేదా కారవాన్ పక్కన కట్టుకునే గుడారం చూరు కింద బల్ల వేసుకుని ఇండక్షన్ పొయ్యి పెట్టుకోవచ్చు. అయితే 15 యాంపులంటే సుమారు మూడున్నర వేల వాట్లే అండి. ఏసీ, ఇండక్షన్, కెటిల్ మూడూ ఒకేసారి వేస్తే బ్రేకరు పడిపోతుంది. కాఫీకి నీళ్ళు పెట్టేటప్పుడు పొయ్యి కట్టెయ్యండి.

ఇడ్లీ పిండి గురించి బెంగ వద్దు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో సగమే పోసి కారులో కాళ్ళ దగ్గర పెట్టుకోండి. సాయంత్రానికి పొంగుతుంది. నిండా పోస్తే కార్పెట్ మీదకి పొంగుతుంది. మా తోడల్లుడి కారు ఇప్పటికీ పుల్లవాసనే.

క్యాన్‌బెర్రా కుర్రాడు:
సుబ్బు అన్నా, సెప్టెంబరు చివర్లో ఇక్కడ ఫ్లోరియాడ్ పూల పండగ జరుగుతూ ఉంటుంది. అమ్మగారు ఆ తులిప్ మళ్ళు చూసి తీరాలి. పిల్లల్ని క్వెస్టాకాన్ సైన్సు కేంద్రానికి తీసుకెళ్ళండి, సగం రోజు అక్కడే గడిచిపోతుంది. ఊరికి ఉత్తరాన ఎగ్జిబిషన్ పార్క్‌లో కారవాన్లు నిలుపుకునే చోటుంది, కానీ సెలవులు కాబట్టి ఇప్పుడే బుక్ చెయ్యండి.

పెద్దవాళ్ళ కోసం ఒక హెచ్చరిక. పగలు ఎండ బాగానే ఉన్నా రాత్రికి ఇక్కడ సున్నా దగ్గరికి దిగొచ్చు. కారవాన్ గోడలు పల్చన. హీటర్ ఉందో లేదో అడక్కుండా తీసుకోవద్దు. విజయవాడ ఎముకలు ఆ చలికి ఆగవు.

పెర్త్ పిన్ని:
మీరంతా తూర్పువైపు వాళ్ళు, అదృష్టవంతులు. రోడ్డు పొడుగునా ఊళ్ళే. మేము అడిలైడ్ వెళ్ళాలంటే నల్లార్‌బార్ మైదానం మీదుగా పోవాలి. అక్కడ 146 కిలోమీటర్లు మలుపే లేని రోడ్డు ఒకటుంది. మా వైపు సరిహద్దులో ఆపి బండి వెతుకుతారు. పళ్ళు, కూరగాయలు, తేనె, మొక్కలు ఏవీ రానివ్వరు. కరివేపాకు మొక్క కానుకగా తెస్తానన్న మా మరిదిని ఫోనులోనే ఆపేశాను. ఎప్పుడైనా ఇటు వస్తే ముందు చెప్పండి, పప్పుచారు పెడతాను.

టార్నీట్ సుబ్బు:
పిన్నిగారూ, ఆ పప్పుచారు బాకీ ఉంచండి, ఈసారి అంత దూరం కాదు.

అందరివీ చదివాక ఇంకా తికమకపడ్డాను. పెద్ద కారవాన్ క్లూగర్ లాగదు. మోటర్‌హోమ్‌తో ఊళ్ళో తిరగలేం. హోటళ్ళంటే రెండేసి గదులు, వంట ఉండదు, నాన్నకి షుగర్. ఇక విమానమేనా?

పాయింట్ కుక్ పద్మ:
ఆరుగురూ ఒకేచోట పడుకోవాలని ఎవరన్నారు?

చిన్న కారవాన్ తీసుకోండి, నలుగురికి సరిపడేది. మీరిద్దరూ పిల్లలూ అందులో. చుట్టాల ఊళ్ళలో అత్తయ్యగారూ మావయ్యగారూ వాళ్ళ ఇంట్లో పడుకుంటారు. ఇద్దరు పెద్దవాళ్ళు ఎవరికీ బరువు కాదు, పైగా వాళ్ళొస్తే ఆ ఇంటికి పండగ. రాత్రి పదింటికి మీరు పార్కుకి వెళ్ళిపోతారు, పొద్దున్నే ఇడ్లీ వేళకి వస్తారు. దారిలో చుట్టాలు లేని రాత్రులు అదే పార్కులో పెద్దవాళ్ళకి క్యాబిన్ తీసుకోండి. దాదాపు ప్రతి కారవాన్ పార్కులోనూ క్యాబిన్లుంటాయి, లోపలే బాత్రూము, చిన్న వంటగది. అత్తయ్యగారి దేవుడి పటం కూడా అక్కడ పెట్టుకోవచ్చు.

వెస్ట్‌మీడ్ వదిన:
ఇది నాకు నచ్చింది. పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఆ పిల్లకి మాట రాదు. కానీ సుబ్బుగారూ, పిల్లల్ని ఒక్క రాత్రయినా వాళ్ళ పిల్లలతో పడుకోనివ్వండి. అత్తమావయ్యల పిల్లలు రాత్రి దీపాలార్పాక కబుర్లు చెప్పుకుంటేనే దగ్గరవుతారు. నాలుగేళ్ళకోసారి కలుస్తారు, ఫోనులో "హాయ్" తప్ప ఏం తెలుసు వాళ్ళకి?

సిడ్నీలో కారవాన్‌కి లేన్ కోవ్ నేషనల్ పార్కులో ఉన్న హాలిడే పార్క్ చూడండి. వెస్ట్‌మీడ్‌కి మరీ దూరం కాదు, చుట్టూ అడవి. గుడికి మాత్రం కారవాన్‌తో వెళ్ళకండి. శనివారం జనం విపరీతంగా ఉంటారు, కార్లకే చోటు దొరకదు. కారవాన్ పార్కులో పడేసి కారులో వెళ్ళి దర్శనం చేసుకుని, క్యాంటీన్‌లో పులిహోర, దోశ తిని రండి.

లారీ కాక:
పద్మగారు చెప్పినదానికి నా ఓటు. నలుగురి పాప్-టాప్ కారవాన్లు, పైకప్పు కిందికి దించుకునేవి, పదిహేను వందల కిలోల లోపు ఏటీఎంతో దొరుకుతాయి. అయినా సామాను సర్దాక ఒకసారి వే-బ్రిడ్జి మీద తూయించండి.

లాగడం గురించి, ముందుగా తెలియాల్సినవి. కారవాన్ బ్రేకుల్ని కారులోంచి వేసే బ్రేక్ కంట్రోలర్ కారులో బిగించి ఉండాలి. ఒకటికి రెండు అద్దాలు, పొడుగువి, తగిలించుకోండి. బరువైన సామాను కారవాన్ ఇరుసు మీద, కింద పెట్టండి. వెనక చివర్న బియ్యం బస్తా పెడితే కారవాన్ తోక ఊపుతుంది. అలా ఊగినప్పుడు కారు బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, స్టీరింగు నిటారుగా పట్టి, కంట్రోలర్‌తో కారవాన్ బ్రేకు మాత్రమే చేత్తో వెయ్యండి. పెద్ద లారీ దాటేటప్పుడు గాలికి ముందు లాగి తర్వాత తోస్తుంది, భయపడొద్దు. యూహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే లారీవాళ్ళు 40వ ఛానెల్‌లో, కారవాన్‌వాళ్ళు 18లో మాట్లాడుకుంటారు. "వెనకొస్తున్నాను" అని లారీ డ్రైవరే చెప్తాడు.

చీకటి పడేలోపు పార్కు చేరండి. సందెవేళా తెల్లవారుజామునా కంగారూలు రోడ్డెక్కుతాయి. అక్టోబరు మొదటి సోమవారం న్యూ సౌత్ వేల్స్‌లో లేబర్ డే. ఆ వారాంతం మొత్తం డబుల్ డీమెరిట్లు, అంటే తప్పు చేస్తే లైసెన్సు మీద పడే పాయింట్లు రెట్టింపు, వేగం జాగ్రత్త.

మీ నాన్నగారికి స్టీరింగు ఇవ్వాలా వద్దా అన్నది అద్దె కాగితాలే తేలుస్తాయి. డ్రైవర్ల పేర్లు ముందే రాయించాలి, వయసు పరిమితి కూడా ఉండొచ్చు. ఇన్సూరెన్సు ఒప్పుకోకపోయినా ఆయనకో ఉద్యోగముంది. కారవాన్ రివర్సు చేసేటప్పుడు వెనక నిలబడి "రానీ, రానీ... రైట్... హోల్డాన్" అనే మనిషి కావాలి. ఆర్టీసీ డిపోలో నేర్చుకున్న ఆ విద్య ఇక్కడ ఏ యూట్యూబులోనూ దొరకదు.

గోదారి గట్టు:
నాన్నగారికి ఇన్సూరెన్సు మర్చిపోకండి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఇక్కడి ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్ వర్తించదు. మందుల చీటీ ఫోటో ఫోనులో ఉంచుకోండి, మందులు మాత్రం కారవాన్‌లో పెట్టకండి, కారులోనే ఉండాలి. దారిలో ఆగినప్పుడు కారవాన్ తలుపు తీసి వెతకడం పెద్ద పని.

సెలవుల్లో హైవే పక్కన డ్రైవర్ రివైవర్ బోర్డులు కనిపిస్తాయి. వాలంటీర్లు ఉచితంగా టీ, బిస్కెట్లు ఇస్తారు. టీ మనకి ఆనదు కానీ కాళ్ళు చాపుకోవడానికి మంచి వంక. మెల్బోర్న్ నుంచి సిడ్నీ వైపు వెళ్ళే హ్యూమ్ హైవే మీద హోల్‌బ్రూక్‌లో ఆగండి, సముద్రానికి అంత దూరంలో నేల మీద జలాంతర్గామి ఉంటుంది. మీ చిన్నాడు దిగనంటాడు.

టార్నీట్ సుబ్బు:
నిన్న రాత్రి ఇంట్లో సమావేశం పెట్టాం. నాలుగు పడకల పాప్-టాప్, పెద్దవాళ్ళకి చుట్టాల ఇళ్ళు, మధ్యలో క్యాబిన్. అమ్మ ఒప్పుకుంది. పిన్ని కూతురికి ఫోన్ చేస్తే, "పెద్దమ్మ నా గదిలోనే" అని అప్పుడే మంచం దిశ కూడా మార్చేసిందట. ఇక్కడ ఆటస్థలం పక్కన ఖాళీ స్థలంలో స్నేహితుడి ట్రైలర్‌తో రివర్సు సాధన చేస్తున్నాను. నాన్న విజిల్ కొన్నారు.

వెళ్ళేటప్పుడు హ్యూమ్, తర్వాత పసిఫిక్ హైవే మీద కాఫ్స్ హార్బర్‌లో ఒక రాత్రి. బ్రిస్బేన్ నుంచి తిరుగు ప్రయాణానికి అదే దారి మళ్ళీ ఎందుకని లోపలి దారి చూస్తున్నాను. కారవాన్‌కి బాగుంటుందా?

లారీ కాక:
న్యూవెల్ హైవే. గోండివిండి నుంచి టోకుమ్వాల్ దాకా వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. చాలావరకు చదును, లారీలు ఎక్కువ, ఊళ్ళు దూరం దూరం. స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి గోండివిండి వెళ్ళే దారిలో కన్నింగ్‌హామ్స్ గ్యాప్ ఎక్కుడు ఒక్కటే కష్టం, అక్కడ తొందరపడకండి, వెనకవాళ్ళు విసుక్కోనీ. డబ్బోలో జూ చాలా విశాలం, కారులోనే తిరగొచ్చు. పార్క్స్‌లో 64 మీటర్ల రేడియో టెలిస్కోపు ఉంది. 1969లో చంద్రుడి మీద మనిషి నడిచిన దృశ్యాలు లోకానికి అందించిన వాటిలో అదీ ఒకటి. పెద్దబ్బాయికి చూపించండి.

బ్రిస్బేన్ బతుకమ్మ:
గదే దారిల మోరీ అని ఊరొస్తది సుబ్బన్నా. నేలల్నుంచి వచ్చే వేడినీళ్ళ కొలనులున్నయ్ ఆడ. మా అమ్మ మోకాళ్ళకు మస్తు సుఖమైంది. అయితే ఈత బట్టలు ఉండాలె. మా అమ్మ చీర మీదనే దిగుతనని గేటు కాడ కూసుంది, పక్క దుకాణంల కొనిచ్చినంక దిగింది. మీరు మెల్బోర్న్‌లనే కొని పెట్టుకోండ్రి, రంగు అమ్మనే చూసుకోనియ్యి.